ముందుగా పెట్టిన దండం

ఆ యేడు వేలూరు వడివేలు ముదలియార్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఎవరి మీదా గెలవలేదు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన యేడు అది. చిత్తూరు అటు పోయింది, వేలూరు ఇటు ఉండిపోయింది. గుడియాత్తంలో బయలుదేరే చిత్తూరు బస్సు ఒక రాష్ట్రంలో ఎక్కి ఇంకో రాష్ట్రంలో దిగే బస్సయింది. బియ్యం ధర పెరిగినా, బావి ఎండినా జనం ఆ విడిపోవడాన్నే తిట్టుకుంటున్నారు. ఫుట్‌బాల్ ఓటమికి కూడా అదే కారణమని ఎవరో ఒకరు అనక తప్పదు. అన్నారు.

జట్టుకు ఆట నేర్పే గోపాలస్వామికి మాత్రం అందులో రహస్యమేమీ కనిపించలేదు. ముందువాళ్ళు గోలు కొట్టరు. వెనకవాళ్ళు మనిషిని ఆపరు. అంతే. ఐదుగురు ఫార్వర్డులూ రేషన్ కొట్టు ముందు జనంలా బంతి మీద పడతారు. కెప్టెన్ సుబ్రమణి ఎడమ పక్కన మనిషి ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా చూడడు, ఒంటరిగా పరిగెత్తి ఒంటరిగా పోగొట్టుకుంటాడు. వెనక బ్యాకులు ఎదుటివాడికి దారి ఇస్తారు.

గోపాలస్వామి చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. ఫుట్‌బాల్ నేర్చుకుంది పట్టాళంలో, బర్మా పోకముందు. మాట తక్కువ. చెప్పింది ఒకసారే చెబుతాడు. తప్పు చేసినవాణ్ణి మరచిపోడు. భార్య సరసమ్మ చనిపోయినప్పుడు మూడోరోజుకు గానీ రాని బావమరిదితో నాలుగేళ్ళయినా పలకడు. సరసమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన విసిరిన మాటను వెనకాలే వచ్చి విడమరచి చెప్పేది ఆమె. "ఆయన కోపంగా అన్లేదు నాయనా, నువ్వు బాగుపడాలనే అన్నాడు" అని మజ్జిగ చేతికిచ్చి పంపేది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు లేరు. మాట పడినచోట రాయిలా పడి ఉంటుంది.

కుడి బ్యాకు అరుణాచలాన్ని తెచ్చింది ఆయనే. కౌండిన్య నది ఇసుకలో గుడియాత్తం తెలుగు నేతగాళ్ళ పిల్లలు ఆడుతుంటే చూశాడు. చిన్నప్పటి నుంచి మగ్గం తొక్కిన కాళ్ళు వాడివి, దూలాల్లాగా ఉన్నాయి. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఫీజు లేకుండా కాలేజీలో చేర్పించాడు. జట్టులో ఆడినంత కాలమే ఆ మాఫీ. ఆట పోతే చదువు పోతుంది. చదువు పోతే మళ్ళీ మగ్గం గుంతే. అది వాడికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

వాడి జబ్బు మొదటి మ్యాచిలోనే బయటపడింది. బంతి మీదికి పులిలా పోతాడు. ఎదుటివాడి కాలికి తన కాలు తగలగానే ఆగిపోతాడు. వంగి, వాణ్ణి చేత్తో ముట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాడు. రెప్పపాటు పనే. ఆ రెప్పపాటులో బంతి ఇంకొకడి కాళ్ళ దగ్గరికి పోతుంది, అక్కణ్ణుంచి గోలులోకి పోతుంది. ఆరణి జట్టు మీద ఓడింది అట్లాగే. దూరం నుంచి చూసేవాళ్ళకు వాడి చెయ్యి కనపడదు. వంగి నిలబడిపోయినట్టు, దారి వదిలినట్టు కనపడుతుంది.

ఆరోజు షెడ్డులో గోల్‌కీపర్ ఏలుమలై కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "సార్, నా ముందర ఈ అరుణాచలానికి బదులు ఒక ఎద్దును కట్టేయండి. అదైతే వంగదు. మేత కూడా మైదానంలోనే ఉండాది."

అందరూ నవ్వారు. సుబ్రమణి నవ్వలేదు. "ఆరణి జట్టులో ఇద్దరు చిత్తూరు వైపువాళ్ళు" అన్నాడు తమిళంలో. "తమవాళ్ళు వస్తే తలుపు తీయడం సహజమే కదా."

షెడ్డులో నవ్వు ఆగింది. అరుణాచలం తల దించుకుని తువ్వాలు పిండుకుంటున్నాడు. గోపాలస్వామి సుబ్రమణి వైపు చూశాడు. ఆయనది కూడా తెలుగిల్లే. ఆ చూపు తర్వాత సుబ్రమణితో ఆట మాట తప్ప వేరే మాట మాట్లాడటం మానేశాడు.

అందరూ పోయాక అరుణాచలాన్ని పిలిచాడు.

"ఎందుకురా వంగతావు?"

"కాలు తగిలింది సార్."

"తగలాల. అందుకే గదా నిన్ను నిలబెట్టింది."

"తెలుసు సార్. నిలబడాలనే అనుకుంటాను. చెయ్యి దానంతటదే పోతాది."

మర్నాడు గోపాలస్వామి తుండుగుడ్డతో వాడి చేతులు వెనక్కి కట్టి ఆడించాడు. కాలు తగిలినప్పుడల్లా వాడు తల వంచాడు. ఆయన తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

తర్వాతి మ్యాచి తిరుపతి జట్టుతో, వేలూరులోనే. వచ్చే యేటి నుంచి వాళ్ళ పోటీలు వాళ్ళవి, మనవి మనవి, కాబట్టి ఇదే ఆఖరు. ఊరంతా వచ్చేటట్టుంది. ప్రిన్సిపాల్ గోపాలస్వామిని పిలిపించాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు.

"మీ బ్యాకు గురించి బజార్లో మాట్లాడుకుంటున్నారు" అన్నాడు. "నేను నమ్మను. కానీ ఈ మ్యాచిలో మళ్ళీ అలా నిలబడిపోతే జట్టులో ఉంచలేను. జట్టులో లేకపోతే ఫీజు మాఫీ లేదు. మీకు చెప్పనక్కర్లేదు."

"సరే సార్" అన్నాడు గోపాలస్వామి. ఆ కుర్రాడు ఎందుకు వంగుతాడో ఆ గదిలో చెప్పి ఉంటే సరిపోయేది. అడగలేదు గనక ఆయన చెప్పలేదు.

ఆదివారం గుడియాత్తం పోయాడు. అరుణాచలం తల్లి అమరావతి మగ్గం గుంతలో కూర్చుని లుంగీ నేస్తోంది. మొగుడు పోయాక మగ్గం ఆమెదే. ఆయన్ను చూసి పైకి రాబోతే, "కూర్చోమ్మా, పని ఆపొద్దు" అన్నాడు. ఆమె ఆపలేదు. కాళ్ళు కింద తొక్కుతున్నాయి, నాడె పోగుతో అటూ ఇటూ పోతోంది, మాట మధ్యలో వస్తోంది.

గదిలో సగం మగ్గమే. మిగిలిన సగంలో చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అత్త, ముగ్గురు పిల్లలు, ఆమె. గోపాలస్వామి సంగతంతా చెప్పాడు. ఆయన చెప్పడమంటే నాలుగు మాటలు. ఆమెకు అవి చాలాయి.

"వాని తప్పు కాదయ్యా, నేను నేర్పించిందే. ఇంతమందిమీ ఈడనే పండుకోవాల. కాలు తగలకుండా ఎట్ల? అత్తకు తగలతాది, చెల్లెలికి తగలతాది. తగిలితే ముట్టి కళ్ళకద్దుకోవాల, నిద్దట్లో అయినా సరే. అది లేకపోతే పొద్దున లేచి ఒకరి మొగం ఒకరు చూసేదెట్ల?"

"ఇంట్లో సరేనమ్మా. ఆటలో కుదరదు."

"ఆటలో ఉండేది మనుషులు కాదా?"

పోగు తెగింది. ఆమె వంగి ముడి వేసింది. వేలితో దాన్ని నొక్కి చూసుకుని, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టకుండా ఆగింది.

"అట్లయితే ముందరే పెట్టేసుకోమనండి."

"ఏంది?"

"దండం. పొద్దున ఈ గుంతలో దిగేముందర నేను భూమికీ మగ్గానికీ దండం పెట్టుకుంటాను. ఆపైన దినమంతా తొక్కతానే ఉంటాను గదా. తొక్కుకొక దండం పెట్టుకుంటా కూసుంటే గుడ్డ యాడ నేసేది? అవతలి పిల్లోళ్ళందరికీ ఆట మొదలయ్యేముందరే పెట్టేస్తే, ఆపైన ఎన్నిసార్లు తగిలినా తప్పు లేదు."

గోపాలస్వామికి పట్టాళంలో ఏ దొరా ఇంత తేలిగ్గా చిక్కు విప్పలేదు. "వాని చదువు నిలబడతాదాయ్యా?" అని అడిగింది ఆమె.

"నిలబడతాది" అన్నాడు.

మ్యాచి ముందురోజు సాయంత్రం అరుణాచలాన్ని పక్కకు తీసుకుపోయి తల్లి మాట చెప్పాడు. వాడు వింటూ వింటూ నవ్వాడు. కాలేజీలో చేరిన తర్వాత ఆయన వాడి నవ్వు చూడటం అదే మొదటిసారి. "ముందరే పెట్టేస్తే ఇంక బాకీ ఉండదు గదా సార్" అన్నాడు. "ఉండదు" అన్నాడు ఆయన.

సుబ్రమణి అవతల బంతికి తాడు బిగిస్తున్నాడు. కెప్టెన్‌కు ఒక మాట చెప్పి ఉంచాలని గోపాలస్వామికి తోచకపోలేదు. రెండడుగులు అటు వేశాడు కూడా. షెడ్డులో వాడన్న మాట గుర్తొచ్చింది. బంతిలో గాలి సరిపోలేదని చెప్పి వెనక్కి తిరిగాడు.

మ్యాచినాడు మైదానం చుట్టూ జనం. కోట వైపు నుంచి, సంత వైపు నుంచి, కాట్పాడి నుంచి వచ్చారు. చెట్లెక్కారు, గోడలెక్కారు. రెండు జట్లూ ఎదురెదురుగా వరసగా నిలబడ్డాయి. కెప్టెన్లు చేతులు కలిపారు. అప్పుడు అరుణాచలం వరసలోంచి బయటికి వచ్చాడు.

ఒక్కొక్కడి దగ్గరికీ పోయి, చెయ్యి ముట్టి, కళ్ళకద్దుకుంటూ తిరుపతి వరస పొడుగునా నడిచాడు. తొందరపడలేదు. వాళ్ళకేమీ అర్థం కాలేదు. సెంటర్ ఫార్వర్డు, పొడుగాటి నల్లటి కుర్రాడు, "ఏమిరా తమ్ముడూ, మాకేమన్నా మొక్కుకున్నావా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. అరుణాచలం కూడా నవ్వి, వాడి చెయ్యి కూడా ముట్టి కళ్ళకద్దుకున్నాడు.

గోడ మీది జనానికి ఆ మాటలు వినపడలేదు. వేలూరు కాలేజీ బ్యాకు ఆంధ్రావాళ్ళకు వరసగా దండాలు పెట్టడం కనపడింది.

"డేయ్! మామనార్ వీట్టుక్కు పోరాన్‌డా!" అని ఎవడో కేకవేశాడు. అత్తారింటికి పోతున్నాడంట. నవ్వులు లేచాయి, వాటి వెనక ఈలలు, వాటి వెనక నవ్వు లేని కేకలు. సుబ్రమణి మొహం నల్లబడింది. గీత అవతల నిలబడిన గోపాలస్వామికి అప్పుడు తెలిసింది తను చేసిన పని. తెలిసేసరికి ఈల మోగింది.

అరుణాచలం ఆడిన ఆట వేలూరులో ఏ బ్యాకూ ఆడలేదు. వాడి మీద నుంచి పది రాళ్ళ బరువు దిగినట్టుంది. అడ్డం పోయాడు, భుజం పెట్టాడు, కాలికి కాలు కొట్టాడు. వంగలేదు. పొడుగాటివాడు మూడుసార్లు మట్టిలో పడ్డాడు. మూడోసారి లేస్తూ, "దండం పెట్టి మరీ తంతాండావే!" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు.

కానీ బ్యాకు ఒక్కడు ఆటను ఆపలేడు. వాడు ఒకణ్ణి ఆపితే, వాడి వెనక ఖాళీలోకి తనవాడు ఒకడు రావాలి. ఎవడూ రాలేదు. వాడు తన్నిన బంతిని హాఫ్ బ్యాకులు అందుకుని సుబ్రమణికి ఇవ్వాలి. వాళ్ళు అరుణాచలం వైపు చూడటమే మానేశారు. బంతి వాడి కాలి నుంచి వస్తే అందులో ఏదో మోసమున్నట్టు పక్కకు జరిగారు. ముందు ఐదుగురూ ఎప్పటిలాగే గుంపు కట్టారు. సుబ్రమణి గోలు ఎదుట రెండుసార్లు ఒంటరిగా దొరికి రెండుసార్లూ గోడ మీది జనానికి కొట్టాడు. కళ్ళల్లో కోపం నింపుకున్నవాడికి గోలు కనపడదు.

ఆట ముగియబోతుండగా పొడుగాటివాడు మళ్ళీ వచ్చాడు. అరుణాచలం అడ్డం పడి ఆపాడు. బంతి పక్కకు దొర్లింది. అక్కడ వేలూరువాడు ఉండవలసిన చోట తిరుపతివాడు ఉన్నాడు. ఏలుమలై దూకాడు, అందలేదు. ఆ ఒక్క గోలుతో ఓడారు.

జనానికి మిగతా ఆట గుర్తులేదు. దండం గుర్తుంది, గోలు గుర్తుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో గోపాలస్వామి నిలబడ్డాడు. ఈసారి అడిగారు గనక చెప్పాడు. ప్రిన్సిపాల్ విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ మాట మొన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్."

"సుబ్రమణికైనా?"

గోపాలస్వామి తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు.

"నేను నమ్ముతాను" అన్నాడు ప్రిన్సిపాల్. "ఇప్పుడు చెబితే ఊరు నమ్మదు. సాకు అంటారు. పైగా చెప్పేది మీరు." కిటికీలోంచి బయటికి చూశాడు. "ఒక దారి ఉంది. ఆ అబ్బాయి జట్టు ముందర నిలబడి, నేను చేసింది తప్పు అని ఒక్క మాట అనాలి. అంటే మాఫీ ఉంటుంది, చదువు ఉంటుంది. నేను ఇంతకంటే చేయలేను."

అరుణాచలం షెడ్డు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద చర్మం లేచిపోయింది. గోపాలస్వామి పక్కన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. వాడు విన్నాడు.

"ఏది తప్పని చెప్పాల సార్? దండమా?"

"దండమే."

"అమ్మ చెప్పింది గదా సార్. మీరూ చెప్పినారు."

"చెప్పినాను."

వాడు మోకాలి మీది మట్టి గోటితో గీకాడు. "మీరు చెప్పమంటే చెప్తాను సార్."

ఇంకొకడైతే వాడి భుజం మీద చెయ్యి వేసి ఉండేవాడు. నీ ఇష్టం నాయనా అని ఉండేవాడు. వద్దు, దండం పెట్టమన్నది నేనేనని నేనే నిలబడి చెప్తాను, ఈ ఉద్యోగం పోతే పోనీ అని ఉండేవాడు. గోపాలస్వామికి ఇవన్నీ తోచాయి. కానీ ఆయన నిలబడి చెబితే తెలుగోడికి తెలుగోడు వత్తాసు అంటారు, వాడి చదువు ఎటూ పోతుంది. మగ్గం గుంతలోంచి తలెత్తి, నిలబడతాదాయ్యా అని అడిగిన ఆమె మొహం కళ్ళముందు నిలిచింది. నిలబడతాదని చెప్పాడు.

"చెప్పు" అన్నాడు.

సాయంత్రం జట్టు మైదానంలో కూడింది. ఎండ ఇంకా దిగలేదు. అరుణాచలం ముందుకొచ్చి తమిళంలో అన్నాడు. "ఆంధ్రావాళ్ళకు దండం పెట్టినాను. తప్పు. ఇంక ఎవరికీ పెట్టను." ఎవరూ నేర్పకుండానే ఆ ఆఖరి మాట కలిపాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పి వరసలో కలిశాడు.

ఏలుమలై నేల చూశాడు. సుబ్రమణి పోయి అరుణాచలం వీపు తట్టాడు. "సరి, సరి. విడుడా" అన్నాడు. పోనీలేరా అని పెద్దమనసుతోనే అన్నాడు. క్షమించేవాడి ముఖం ఎంత హాయిగా ఉంటుందో గోపాలస్వామి అప్పుడు చూశాడు. ఆ హాయి ఆయనకు ఎన్నడూ దొరకలేదు. ఇకమీదట దొరకదు.

"పోండి. ఆడండి" అన్నాడు.

రెండు జట్లుగా విడిపోయి ఆడారు. సుబ్రమణి బంతి తీసుకుని నేరుగా అరుణాచలం మీదికి వచ్చాడు. అరుణాచలం కదల్లేదు, వంగలేదు, దారి ఇవ్వలేదు. ఎముకకు ఎముక తగిలిన చప్పుడు గీత అవతలికి వినపడింది. ఇద్దరూ పడ్డారు. పడటంలో సుబ్రమణి పాదం అరుణాచలం ఛాతీకి తగిలింది.

సుబ్రమణి లేస్తూ లేస్తూ, బంతి ఎక్కడుందా అని మెడ తిప్పి చూసుకుంటూనే, అరుణాచలం భుజం ముట్టి చెయ్యి కళ్ళకద్దుకుని పరిగెత్తాడు. తను ఆ పని చేసినట్టు వాడికి తెలియదు. తెలిస్తే ఆగేవాడేమో. వాడి తల్లి కూడా ఏదో ఇంట్లో, ఏదో ఇరుకులో, వాడికి అది నేర్పే ఉంటుంది.

జట్టులో ఇద్దరు ముగ్గురు చూశారు. ఏలుమలై గోలు కర్ర పట్టుకుని గోపాలస్వామి వైపు తిరిగి, ఆయన ఏమంటాడా అని చూశాడు.

ఆయన నోట్లో ఈల ఉంది. ఊదితే ఆట ఆగుతుంది. ఆగితే ఏదో ఒకటి చెప్పాలి, సుబ్రమణికి, అందరికీ. ఆయన ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

అరుణాచలం కింద పడిన చోటే ఒక్క క్షణం ఉన్నాడు. ముట్టిన భుజాన్ని చూసుకున్నాడు. తర్వాత లేచి, గుండె మీది మట్టి దులుపుకోకుండా, తన చోటికి పోయి నిలబడ్డాడు. వాడి రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి ఉన్నాయి.

మళ్ళీ బంతి వాడి వైపే వస్తోంది.